ప్లేస్ చాలక తీసేసిన ఉత్తరాలు: మార్చి 23 సభలు జరిపే మిత్రులకు బహిరంగ లేఖ

విద్యార్థి, యువజన సంఘాల మిత్రులకు,

నమస్కారం. మీలో చాలామందికి నేను తెలుసు. పేరు గుర్తులేకపోయినా "ఫ్లెక్సీ అన్న" అంటే గుర్తుపడతారు. మార్చి మూడో వారంలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, పొద్దున్నే కావాలి" అంటారు కదా, ఆ అన్నను. పద్నాలుగేళ్లుగా భగత్‌సింగ్ వర్ధంతికి ఫ్లెక్సీలు, కరపత్రాలు, స్టేజీ బ్యానర్లు చేస్తున్నాను. ఏ సంఘం వాళ్లు వచ్చినా చేస్తాను. మీ జెండాల రంగులు వేరే గానీ, నా కంప్యూటర్‌లో భగత్‌సింగ్ ఫోల్డర్ ఒక్కటే.

ఆ ఫోల్డర్‌లో ఎక్కువ వాడేది టోపీ ఫొటో. 1929 ఏప్రిల్ 8న ఢిల్లీ అసెంబ్లీలో సహచరుడు బటుకేశ్వర్ దత్‌తో కలిసి బాంబులు వేయడానికి కొద్ది రోజుల ముందు, కశ్మీరీ గేట్ దగ్గరి స్టూడియోలో తీయించుకున్నది. ఆయన అసలు ఫొటోలు మనకు దొరికినవి నాలుగే. చిన్నప్పటిది ఒకటి, కాలేజీ గ్రూపు ఫొటోలోది ఒకటి, 1927లో పోలీసుల దగ్గర ఉన్నప్పుడు జుట్టు విరబోసుకుని మంచం మీద కూర్చున్నది ఒకటి, ఈ టోపీది ఒకటి. మీరు అడిగే పసుపు తలపాగా బొమ్మ చిత్రకారులు ఊహించి గీసింది. తుపాకీ పట్టుకున్నది కూడా అంతే. అడిగితే వేసిస్తాను, నా పని అది. కానీ తెలిసి వేయించుకుంటే మంచిది కదా.

ఒకసారి ఒకరు ఫిబ్రవరి 14కి ఫ్లెక్సీ ఆర్డర్ ఇచ్చారు. ప్రేమికుల రోజు కాదట, భగత్‌సింగ్‌కు శిక్ష పడిన రోజట. వాట్సాప్‌లో వచ్చిందన్నారు. ప్రత్యేక ట్రిబ్యునల్ మరణశిక్ష వేసింది 1930 అక్టోబర్ 7న, ఉరి తీసింది 1931 మార్చి 23న అని చెప్పాను. నమ్మలేదు. అడ్వాన్స్ వెనక్కిచ్చేశాను. ఆ ఫ్లెక్సీ ఇంకో షాపులో వేయించుకున్నారు, పక్క వీధిలోనే కట్టారు. రోజూ దాని కిందుగా షాపుకు వెళ్లాను.

ఈ లేఖ రాస్తున్నది దాని గురించి కాదు. పోయినేడు కాక ముందటేడు ఒక సంఘం వాళ్లు కరపత్రం వేయించడానికి వచ్చారు. ఎవరో పెద్దాయన చేతిరాతతో నాలుగు పేజీల మేటర్. అందులో భగత్‌సింగ్ తమ్ముళ్లకు రాసిన ఉత్తరాలు, నాన్నకు రాసిన ఉత్తరం తెలుగులో ఉన్నాయి. ఆ రాత్రి కూర్చుని టైప్ చేశాను. మామూలుగా టైప్ చేసేటప్పుడు మేటర్ నా బుర్రకెక్కదు. వేళ్లు పోతూనే ఉంటాయి, అక్షరదోషాలు మాత్రమే కంటికి తగులుతుంటాయి. ఆ రాత్రి వేళ్లు ఆగిపోయాయి. పొద్దున ప్రూఫ్ చూడటానికి వచ్చిన తమ్ముడు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ప్లేస్ చాలట్లేదు. ఈ ఉత్తరాలు తీసెయ్, అతిథుల ఫొటోలు పెట్టాలి" అన్నాడు. తీసేశాను. కస్టమర్ చెప్పింది చేయాలి. ఫైల్ మాత్రం డిలీట్ చేయలేదు.

ఆ ఫైల్‌లో ఏముందో మీకు చెప్పాలని.

ముందు ఆ ఇల్లు ఎలాంటిదో తెలియాలి. వాళ్లది లాయల్‌పూర్ జిల్లా బంగా, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. భగత్‌సింగ్ 1907లో పుట్టాడు. చిన్నాన్న అజిత్ సింగ్‌ను అదే ఏడాది లాలా లజపతిరాయ్‌తో పాటు బర్మాలోని మాండలే జైలుకు పంపించారు. తిరిగొచ్చాక 1909లో దేశం వదిలి వెళ్లిన ఆయన మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టింది 1947లో. ఆయన భార్య హర్నామ్ కౌర్ ముప్పై ఎనిమిదేళ్లు ఎదురుచూసింది. తిరిగొచ్చిన కొన్ని నెలలకే, సరిగ్గా ఆగస్టు 15న ఆయన పోయాడు. ఇంకో చిన్నాన్న స్వర్ణ్ సింగ్ జైలు నుంచి జబ్బుతో వచ్చి 1910లో, ఇరవై మూడేళ్లకే చనిపోయాడు. ఆయన భార్య హుకమ్ కౌర్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అంటే ఆ పిల్లవాడు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇద్దరు పిన్నులను చూస్తూ పెరిగాడు. విప్లవం అంటే ఇంట్లో ఆడవాళ్లకు ఏం మిగులుతుందో అతనికి పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. అన్నీ తెలిసే వెళ్లాడు. పెళ్లి చేస్తారని తెలిసి నాన్నకు ఉత్తరం రాసిపెట్టి ఇంట్లోంచి కాన్పూర్ వెళ్లిపోయినప్పుడు పదహారేళ్లు దాటాయంతే. చిన్నప్పుడే తాత తనను దేశానికి ఇచ్చేశానన్నాడని, ఆ మాటే నిలబెడుతున్నానని అందులో రాశాడు.

ఇక నాన్నకు రాసిన రెండో ఉత్తరం. మీ సభల్లో దీన్ని ఎవరూ చదవగా నేను వినలేదు.

1930 సెప్టెంబర్‌లో, కేసు చివరి దశలో, తండ్రి కిషన్ సింగ్ ట్రిబ్యునల్‌కు ఒక అర్జీ పెట్టాడు. పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన రోజు నా కొడుకు లాహోర్‌లో లేడు, కలకత్తాలో ఉన్నాడు, నిరూపించుకోవడానికి అవకాశం ఇవ్వండి అని. కిషన్ సింగ్ పిరికివాడేం కాదు. తానూ జైళ్లు చూసినవాడే. అయినా నాన్న కదా. కొడుకు మెడకు తాడు పడబోతుంటే ఏ గడ్డిపోచ దొరికినా పట్టుకుంటాడు.

కొడుక్కి ఒళ్లు మండిపోయింది. అక్టోబర్ 4న జవాబు రాశాడు. నన్ను అడగకుండా నా తరఫున ఇలాంటి అర్జీ ఎలా పెడతారని నిలదీశాడు. ఇదే పని ఇంకెవరైనా చేసి ఉంటే ద్రోహం అనుకునేవాణ్ణి, మీరు చేశారు కాబట్టి బలహీనత అంటున్నాను, అదీ చాలా హీనమైన బలహీనత అన్నాడు. సిద్ధాంతాలు అమ్ముకుని కొనుక్కునేంత విలువైనది కాదు నా ప్రాణం, కనీసం నా దృష్టిలో, అన్నాడు. నాతో పాటు ఇంకా కొందరి మీద ఇంతే పెద్ద కేసు ఉంది, అందరం ఒకే దారి అనుకున్నాం, ఇప్పుడు నేనొక్కణ్ణే తప్పుకుంటానా అన్నది అసలు బాధ. మాట కటువుగా వచ్చిందేమోనని మధ్యలో ఒక చోట తటపటాయించి, మళ్లీ కటువుగానే రాశాడు. పైగా ఈ ఉత్తరాన్ని పత్రికలకు ఇవ్వమన్నాడు. మూడు రోజుల తర్వాత తీర్పు వచ్చింది.

దీన్ని టైప్ చేస్తూ నేను నాన్న పక్షాన ఉన్నాను, దాచడమెందుకు. నాకూ కొడుకున్నాడు. ఆయన పెట్టిన అర్జీ నేనైనా పెట్టేవాణ్ణే. ఆ తర్వాత ఆయన ఎలా తిన్నాడో, ఎలా పడుకున్నాడో అనిపించింది. కానీ కొడుకు మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు పట్టలేకపోయాను. ఇద్దరూ సరిగ్గానే ఉన్నప్పుడు వచ్చే గొడవ ఎలా ఉంటుందో ఆ ఉత్తరంలో ఉంది.

దానికి కొన్ని రోజుల ముందే, సెప్టెంబర్ 25న, తమ్ముడు కుల్‌బీర్‌కు ఇంకో చిన్న ఉత్తరం రాశాడు. అమ్మను వెంటబెట్టుకుని వచ్చావట, ములాఖత్ ఇవ్వక వెనక్కి పోయారట, జైలువాళ్లు ఒప్పుకోరని తెలుసు కదా, మరి అమ్మనెందుకు తీసుకొచ్చావు, ఆమె ఎంత కంగారు పడుతోందో నాకు తెలుసు అని. ఇంటి పెద్దకొడుకు విసుక్కోవడం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. పెద్దకొడుకు అని ఎందుకంటున్నానంటే, అతనికంటే పెద్దవాడు జగత్ సింగ్ పదకొండేళ్ల వయసులోనే చనిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాడు ఇతనే.

1931 మార్చి 3. కుటుంబమంతా లాహోర్ సెంట్రల్ జైలుకు వెళ్లింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి పై కోర్టు, అప్పీలును అప్పటికే కొట్టేసింది. బయట గాంధీ, వైస్రాయ్ ఇర్విన్ మాట్లాడుకుంటున్నారు, ఇంకో రెండు రోజుల్లో ఒప్పందం కుదరబోతోంది. ఇంట్లోవాళ్లకు ఎక్కడో కొంచెం ఆశ ఉండే ఉంటుంది. ఆశ లేకుండా ఏ తల్లీ ములాఖత్‌కు వెళ్లదు. నా శవం తీసుకెళ్లడానికి నువ్వు రావద్దమ్మా, కుల్‌బీర్‌ను పంపించు, నువ్వు ఏడిస్తే భగత్‌సింగ్ తల్లి ఏడుస్తోందంటారు అని ఆమెతో నవ్వుతూ అన్నాడని ఆ కుటుంబం చెప్పుకునేది. మీరు సభల్లో చెప్పే భగత్‌సింగ్ ఇతనే. నవ్వుతూ వెళ్లినవాడు. అది అబద్ధమని నేను అనడం లేదు.

కానీ ములాఖత్ అయిపోయి అందరూ వెళ్లిపోయాక, అదే రోజు, అదే మనిషి కాగితం తీసుకుని తమ్ముళ్లకు విడివిడిగా రాశాడు. నా వేళ్లు ఆగింది అక్కడే.

కుల్‌బీర్‌కు రాసినదాంట్లో విప్లవం అన్న మాటే లేదు. నాకోసం నువ్వు చాలా చేశావు, నేను ఎవరికీ ఏమీ చేయలేదు, నీకూ ఏమీ చేయలేదు, ఇప్పుడు మిమ్మల్ని కష్టాల్లో వదిలేసి పోతున్నాను అంటాడు. నీ బతుకు ఏమవుతుంది, ఎలా గడుపుతావు, ఇది తలుచుకుంటే వణుకు పుడుతోంది అంటాడు. ఉరిశిక్ష పడినవాడు వణుకు పుడుతోందని ఒప్పుకున్నది ఈ ఒక్క చోటే, అదీ తమ్ముడి తిండి గురించి. ఆ తర్వాతవన్నీ, నెల జీతానికి పనిచేసే ఏ అన్నయినా చెప్పే మాటలు. అమెరికా వెళ్లగలిగితే బాగుండేది, ఇప్పుడది కుదిరేలా లేదు. మెల్లగా కష్టపడి చదువుకో. ఏదైనా పని నేర్చుకోగలిగితే మంచిది. ఏది చేసినా నాన్నగారిని అడిగి చెయ్యి.

నాన్నగారిని అడిగి చెయ్యమంటున్నాడు. ఐదు నెలల కింద ఏ నాన్నను పత్రికల్లో దులిపేశాడో, ఆ నాన్ననే.

ఏదైనా పని నేర్చుకో అన్న దగ్గర నేను కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లి టీ తాగొచ్చాను. మా నాన్నకు ఒంట్లో బాగాలేక నా డిగ్రీ ఆగిపోయినప్పుడు, ఊరు కాని ఊర్లో పనిచేస్తున్న మా అన్నయ్య ఫోన్‌లో సరిగ్గా ఇదే మాట అన్నాడు. "చదువు సంగతి తర్వాత చూద్దాంలే, ఏదైనా పని నేర్చుకోరా." నేను డీటీపీ నేర్చుకున్నాను. మా అన్నయ్య విప్లవకారుడు కాదు, సుఖంగానే ఉన్నాడు. మాటొక్కటే కలిసింది.

ఆ ఉత్తరం చివర్లో బతుకు చాలా కఠినమైనదని, లోకానికి దయ లేదని, ప్రేమతో, ధైర్యంతో నెట్టుకురావాల్సిందేనని చెప్పి, చిన్నవాడు కుల్తార్ చదువు బాధ్యత కూడా నీదే అంటాడు. ఆ వెంటనే, చాలా సిగ్గుగా ఉందంటాడు. బాధపడటం తప్ప ఇంకేం చేయగలను అంటాడు. నీ గుండెలో ఎంత దుఃఖం ఉందో తెలుసు, అది తలుచుకుంటే నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి అంటాడు.

సిగ్గు. బ్రిటిష్ ప్రభుత్వం ముందు, ట్రిబ్యునల్ ముందు ఎప్పుడూ తల దించని మనిషి, పదహారేళ్ల తమ్ముడి మీద పన్నెండేళ్ల తమ్ముడి భారం పెడుతున్నందుకు సిగ్గుపడ్డాడు. ఈ మాట కనపడకుండా మనం ఆయన్ని ఎన్ని అడుగుల ఫ్లెక్సీ మీద వేస్తే మాత్రం ఏం లాభం?

కుల్తార్‌కు రాసినది ఇంకా చిన్నది, ఉర్దూలో. ఆ రోజు ములాఖత్‌లో ఆ పిల్లవాడు ఏడ్చాడు. ఈ రోజు నీ కళ్లలో నీళ్లు చూసి చాలా బాధ కలిగింది, నీ కన్నీళ్లు నేను తట్టుకోలేను అని మొదలుపెట్టి, ధైర్యంగా చదువుకో, ఆరోగ్యం జాగ్రత్త, ఇంకేం చెప్పను అన్నాడు. ఆపైన గద్యం నడవలేదో ఏమో, ఉర్దూ షేర్లలోకి, అంటే రెండు పాదాల కవితల్లోకి వెళ్లిపోయాడు. నేను కాసేపటి అతిథిని, తెల్లవారుజామున ఆరిపోబోయే దీపాన్ని. ఈ గుప్పెడు మట్టి ఉన్నా లేకపోయినా నా ఆలోచనల మెరుపు గాలిలో ఉంటుంది. ఇక సెలవు. మేం ప్రయాణమవుతున్నాం, మీరు సుఖంగా ఉండండి. షేర్ల కింద మళ్లీ మామూలు మాట: ధైర్యంగా ఉండు, నమస్తే.

మీ ఫ్లెక్సీల మీద ఆ మెరుపు మాట ఒక్కటే వస్తుంటుంది, కొన్నిసార్లు ఆయనది కాని మాటలతో కలిపి. అది ఏడుస్తున్న పన్నెండేళ్ల పిల్లవాణ్ణి సముదాయించడానికి రాసిన మాట అని చదివేవాళ్లకు తెలియదు. తెలిస్తే ఆ వాక్యం బరువు మారిపోతుంది.

మార్చి 23 మధ్యాహ్నం కుటుంబం మళ్లీ జైలుకు వెళ్లింది. తల్లిదండ్రులను, తోబుట్టువులను తప్ప మిగతావాళ్లను పంపమన్నారు అధికారులు. తాతను, పిన్నులను గేటు బయట నిలబెట్టి మేం లోపలికి పోమని వీళ్లు వెనుదిరిగారు. ఉరి మర్నాడు పొద్దున అని అందరికీ తెలిసిన సంగతి. ఆ సాయంత్రమే ఏడు గంటల ప్రాంతంలో సుఖ్‌దేవ్, రాజ్‌గురులతో పాటు ఉరి తీసేశారు. శవాలను ఇంటివాళ్లకు ఇవ్వలేదు. రాత్రికి రాత్రే సట్లెజ్ ఒడ్డుకు తీసుకెళ్లి కాల్చారు. నువ్వు రావద్దు, తమ్ముణ్ణి పంపు అని అమ్మకు చెప్పిన జాగ్రత్త ఎందుకూ పనికిరాలేదు.

మీలో ఒకరితో ఈ ఉత్తరాల సంగతి ఎత్తితే, "అన్నా, ఇవన్నీ పెడితే సెంటిమెంట్ అయిపోద్ది, కుర్రాళ్లకు ఆవేశం రాదు" అన్నాడు. ఆ భయంలో కొంత నిజం ఉంది. కన్నీళ్లు మాత్రమే పెట్టి, ఆయన దేనికోసం చనిపోయాడో చెప్పకపోతే అది ఇంకా పెద్ద మోసం. అందుకే నాన్నకు రాసిన ఉత్తరం పక్కనే ఉండాలంటున్నాను. రెండూ కలిపి చదివితే ఏ ఒక్కటీ సెంటిమెంట్ కాదు. అయినా దాచాలని ఆయనే అనుకోలేదు. చావుకు ముందు రోజు, మార్చి 22న, తోటి ఖైదీలకు రాసినప్పుడు, బతకాలని నాకూ సహజంగానే ఉంది, అది దాచుకోను అన్నాడు. అయితే బందీగా బతకడం ఇష్టం లేదన్నాడు. ఆయన దాచనిదాన్ని మనమెందుకు దాచిపెట్టాలి?

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఈసారి సభలో అరగంట ప్రసంగం తగ్గించండి. వచ్చిన పిల్లల్లో కుల్తార్ ఈడు పిల్లవాడికో పిల్లకో ఆ చిన్న ఉత్తరం ఇచ్చి చదివించండి. కుల్‌బీర్‌కు రాసినది మీలో ఇంటికి పెద్దవాళ్లెవరో చదవండి. ఇంటి బాధ్యత వదిలి సంఘంలో తిరుగుతున్నారని అమ్మ చేత తిట్లు తినే వాళ్లు మీలో ఉన్నారు, నాకు తెలుసు. నా షాపులో కూర్చునే కదా ఆ ఫోన్లు మాట్లాడతారు. వాళ్లు చదివితే బాగుంటుంది. నాన్న ఉత్తరం మాత్రం ఎవరైనా నాన్న చేతే చదివించండి.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. సట్లెజ్ ఒడ్డున వాళ్లను కాల్చిన చోటు హుస్సేనీవాలా. దేశ విభజనలో అది పాకిస్తాన్‌కు పోయింది. 1961లో పన్నెండు గ్రామాలు అటు ఇచ్చి ఆ చోటును ఇటు తెచ్చుకున్నారు. 1965లో బటుకేశ్వర్ దత్ చనిపోతే ఆయన కోరిక ప్రకారం అక్కడే దహనం చేశారు. తల్లి విద్యావతి 1975లో చనిపోయింది. ఆమెనూ అక్కడికే తీసుకెళ్లారు.

మేటర్ నా దగ్గర టైప్ చేసి సిద్ధంగా ఉంది. ప్రూఫ్ కూడా రెండుసార్లు చూశాను. రెండు ఉత్తరాలకు ఆరు బై నాలుగు సైజు సరిపోతుంది, నాన్నది కలిపితే ఎనిమిది బై నాలుగు కావాలి. డిజైన్‌కు డబ్బులు వద్దు, ప్రింటింగ్ ఖర్చు ఇస్తే చాలు. అతిథుల ఫొటోలకు కింద ఒక వరస ఖాళీ వదిలాను, అక్కడ పెట్టుకోండి. మార్చి 20 లోపు చెప్పండి, రాత్రి పదకొండింటికి మాత్రం ఫోన్ చేయకండి.

మీ
ఫ్లెక్సీ అన్న